పీసీపార్ట్‌పికర్: పచ్చ పట్టీని ఎంతవరకు నమ్మొచ్చు?

డెస్క్‌టాప్ కట్టుకునేముందు, పార్టులు ఒకదానికొకటి సరిపడతాయో చూసే పీసీపార్ట్‌పికర్ వెబ్‌సైట్‌లో పార్టులన్నీ లిస్టు వేసి, పైన పచ్చ పట్టీ వస్తే కొనేయడం చాలామందికి అలవాటైపోయింది. ఉచితంగా దొరికే సేవల్లో ఇంత శ్రద్ధగా నడిచేది అరుదు. ఏ బిల్డ్ అయినా ఇక్కడి నుంచే మొదలుపెట్టమని చెబుతాం. కానీ ఆ పచ్చ రంగుకు అర్థం ఒక్కటే: సైటు దగ్గరున్న సమాచారంలో ఏ పార్టుకీ మరో పార్టుతో గొడవ కనబడలేదని. మిషన్ ఆన్ అవుతుందని అది హామీ ఇవ్వదు. సైటు ప్రధానంగా రెండేసి పార్టుల్ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. కట్టేటప్పుడు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం మాత్రం మూడు పార్టులు ఒకే చోట కలిసినప్పుడు వస్తాయి.

ముందు మంచి చెప్పుకుందాం. సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), చిప్‌సెట్ (బోర్డును నియంత్రించే చిప్) విషయంలో దీనికి పూర్తి మార్కులు. ఇంటెల్ ఎల్‌జీఏ1151 సంగతే చూడండి. 6, 7 తరాల ప్రాసెసర్లకు 100, 200 సిరీస్ బోర్డులు, 8, 9 తరాలకు 300 సిరీస్ బోర్డులు. సాకెట్ పేరు ఒకటే, ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ విద్యుత్ కనెక్షన్లు వేరు కాబట్టి 8వ తరం ప్రాసెసర్ 200 సిరీస్ బోర్డు మీద పనిచేయదు. సెకండ్ హ్యాండ్ బోర్డు చూసేవాళ్లు కంటితో ఇది పట్టుకోలేరు, సైటు మాత్రం వెంటనే ఎర్రజెండా ఊపుతుంది. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4 వాటికి, డీడీఆర్5 వాటికి చాలాసార్లు పేరులో ఒకటి రెండు అక్షరాలే తేడా. రెండు రకాల ర్యామ్‌కీ 288 పిన్నులే, గాటు ఉండే చోటు మాత్రం వేరు. తప్పు ర్యామ్ స్లాట్‌లో దిగదు, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. లిస్టులో మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదివి ఎంచుకుంటే ఈ పొరపాటు అక్కడే ఆగిపోతుంది.

పార్టులు ఎంచుకునే పేజీలో కంపాటిబిలిటీ ఫిల్టర్ టిక్ పెట్టే ఉంటుంది, సరిపడనివి అసలు చూపించదు. ఇది కొత్తవాళ్లకు మేలు. అయితే ఏదైనా పార్టు ఎందుకు కనబడటం లేదో అర్థం కాకపోతే ఆ టిక్ తీసి, పార్టును లిస్టులో చేర్చి, కింద వచ్చే వివరణ చదవండి. అసలు విలువంతా అక్కడుంది. చాలామంది పచ్చ పట్టీ చూసి పేజీ మూసేస్తారు, కింద ఉన్న నోట్స్ దాకా దిగరు. ఫలానా ఎం.2 స్లాట్‌లో (చిన్న పలకలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) డ్రైవ్ పెడితే ఒక సాటా పోర్టు పనిచేయదని అక్కడే రాసి ఉంటుంది. అది చదవనివాళ్లు హార్డ్ డిస్క్ కనబడటం లేదని కేబుళ్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

నోట్స్‌లో అన్నిటికంటే బరువైనది బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) గురించి వచ్చే హెచ్చరిక. బీ450 బోర్డు, రైజెన్ 5000 ప్రాసెసర్ కలిపి పెడితే, బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చని, అందుకు పాత ప్రాసెసర్ కావాల్సి రావచ్చని చెబుతుంది. 'కావచ్చు' అనే చెప్పగలదు, ఎందుకంటే మీకు వచ్చే పెట్టెలో ఏ వెర్షన్ ఉందో దానికి తెలిసే వీలు లేదు. మిగిలిన పని మీది. బోర్డు తయారీదారు సైట్‌లో సీపీయూ సపోర్ట్ పేజీ తెరిచి, మీ ప్రాసెసర్ ఎదురుగా రాసిన కనీస బయోస్ వెర్షన్ రాసుకోండి. బోర్డుకు ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్‌తో నేరుగా బయోస్ అప్‌డేట్ చేసేది) ఉందో లేదో చూడండి. కొత్తగా వచ్చిన ప్రాసెసర్‌ను పాత బోర్డుతో కలిపేవాళ్లు ఈ బటన్ లేని బోర్డు కొనకపోవడమే మేలని మా గట్టి అభిప్రాయం.

ఫ్లాష్‌బ్యాక్ ఇలా చేస్తారు. మీ బోర్డు మోడల్‌కీ, దాని మీద అచ్చువేసిన రివిజన్ నంబరుకీ సరిగ్గా సరిపడే ఫైల్ దించుకోండి. జిప్ విప్పి, మాన్యువల్ చెప్పిన పేరుకు మార్చండి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఆ ఒక్క ఫైల్‌నే ఏ ఫోల్డరూ లేకుండా పెట్టండి. 24 పిన్ కనెక్టర్, సీపీయూ 8 పిన్ కనెక్టర్ పెట్టి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) స్విచ్ వేయండి, పీసీ మాత్రం ఆన్ చేయొద్దు. వెనుక ప్రత్యేకంగా గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, బటన్ సుమారు 3 సెకన్లు నొక్కి ఉంచండి. లైట్ మినుకుమినుకుమంటుంది, కొన్ని నిమిషాలకు దానంతట అదే ఆరిపోతుంది. అప్పటిదాకా కరెంటు తీయకూడదు. వెంటనే ఆరిపోయినా, మినుకుమనకుండా అలాగే వెలుగుతూ ఉండిపోయినా ఫైల్ పేరో, ఫార్మాటో, పోర్టో తప్పయి ఉంటుంది. చాలా బోర్డుల్లో ఇదంతా ప్రాసెసర్ లేకుండానే జరుగుతుంది.

ఇక సైటు చేతులెత్తేసే చోటు మిల్లీమీటర్లు. పొడుగు హీట్ స్ప్రెడర్ (వేడి లాగే లోహపు తొడుగు) ఉన్న ర్యామ్ కూలర్‌కు తగులుతుందో లేదో ఆటోమేటిక్‌గా చూడలేమని అదే తన నోట్‌లో ఒప్పుకుంటుంది. ఆ ఒక్క వాక్యం వెనుక ఎంత ఉందో లెక్క వేసి చూద్దాం. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. క్యాబినెట్ 170 దాకా ఇస్తుందనుకోండి, సరిపోయినట్టే. ర్యామ్ డీడీఆర్5, బోర్డు డీడీఆర్5, అదీ సరిపోయినట్టే. కానీ ఈ కూలర్‌కు రెండు ఫ్యాన్లూ ఉంటే ముందు ఫ్యాన్ కింద ర్యామ్‌కు మిగిలేది 32 మిల్లీమీటర్లు. లైట్లున్న ర్యామ్ స్టిక్ 44 ఉందంటే ఫ్యాన్‌ను 12 పైకి జరపాలి. అప్పుడు మొత్తం ఎత్తు 177 అవుతుంది, సైడ్ ప్యానెల్ మూసుకోదు. విడివిడిగా చూస్తే ఎక్కడా తప్పు లేదు. ముందు ఫ్యాన్ తీసేసి మధ్య ఫ్యాన్ ఒక్కటే ఉంచితే ర్యామ్‌కు 64 దాకా చోటు దొరుకుతుంది, వేడి మీద తేడా కూడా కొద్దిగానే. లేదంటే లైట్లు లేని పొట్టి ర్యామ్ తీసుకోండి.

లిక్విడ్ కూలర్‌తోనూ ఇదే వరస. రేడియేటర్ మందం సాధారణంగా 27, దానికి బిగించే ఫ్యాన్ 25, కలిపి 52 మిల్లీమీటర్లు. ముందు వైపు బిగిస్తే గ్రాఫిక్స్ కార్డ్ పొడవులో నుంచి ఇది తగ్గించుకోవాలి. క్యాబినెట్ 360 మిల్లీమీటర్ల కార్డ్ పడుతుందని రాసి ఉన్నా, మిగిలేది 308. కొందరు తయారీదారులు ముందు ఫ్యాన్లు బిగించి ఉన్నాయనుకునే కొలత ఇస్తారు, అప్పుడు 27 తీసేస్తే చాలు. స్పెసిఫికేషన్ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరం చదవకుండా ఈ లెక్క వేయకండి. పైన బిగించేటట్టయితే ఆ 52 మిల్లీమీటర్లు బోర్డు పైఅంచు దాకా దిగి ర్యామ్‌కో, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం) హీట్‌సింక్‌కో తగులుతాయేమో కొలవాలి.

గ్రాఫిక్స్ కార్డ్ వెడల్పు ఇంకా తక్కువమంది చూస్తారు. కార్డ్ వెడల్పుకు తోడు దాని కేబుల్‌కూ చోటు కావాలి: 16 పిన్ పవర్ కేబుల్‌ను కనెక్టర్ దగ్గరే మడిచేయకుండా సుమారు 35 మిల్లీమీటర్లు తిన్నగా వదలాలి. సైడ్ ప్యానెల్ నెట్టేస్తే కనెక్టర్ పూర్తిగా దిగకుండా వదులవుతుంది, వదులైన చోట వేడెక్కి కరుగుతుంది.

ర్యామ్ దగ్గర సైటు స్లాట్లు లెక్కపెడుతుంది, రకం చూస్తుంది. నాలుగు స్లాట్లు, నాలుగు స్టిక్కులు, పచ్చ పట్టీ. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులతో డీడీఆర్5-5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. 6000 అని రాసిన రెండు కిట్లు కొని నాలుగూ నింపి, ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేస్తే బూట్ కాకపోవడం ర్యామ్ లోపం కాదు. 16 జీబీవి నాలుగు బదులు 32 జీబీవి రెండున్న ఒకే కిట్ తీసుకుంటే ఆ బాధ ఉండదు. బోర్డు తయారీదారు పరీక్షించిన ర్యామ్ జాబితా, అంటే క్యూవీఎల్, వాళ్ల పేజీలోనే చూసుకోవాలి.

వాటేజ్ అంచనా ఓ మోస్తరుగా పనికొస్తుంది. కోర్ ఐ9-13900కే బేస్ పవర్ 125 వాట్లు, గరిష్ఠం 253. ఎస్‌ఎంపీఎస్ ఎంచుకునేటప్పుడు పెద్ద అంకెనే పట్టుకోండి, గ్రాఫిక్స్ కార్డ్ తయారీదారు సిఫారసు చేసిన వాటేజ్‌కు తగ్గకండి. ఏ సైటూ పట్టుకోలేనిది ఇంకొకటుంది: పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి వాడటం. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకు ఉమ్మడి ప్రమాణం లేదు. కనెక్టర్ దూరుతుంది, 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి డ్రైవులు కాలిపోతాయి. మూడు పిన్నుల 5 వోల్ట్ లైట్లను నాలుగు పిన్నుల 12 వోల్ట్ హెడర్‌కు పెట్టినా ఫలితం అదే.

అన్నీ చూసుకుని కట్టినా డిస్‌ప్లే రాకపోతే పార్టులు మార్చేముందు బోర్డు మీద డీబగ్ లైట్లు (ఏ భాగం దగ్గర ఆగిందో చూపేవి) చూడండి. డీర్యామ్ లైట్ వెలుగుతుంటే, ఏఎం5 (రైజెన్ 7000 లాంటి వాటి సాకెట్) బోర్డు అయితే ముందు ఓపిక పట్టండి. మొదటిసారి మెమరీ ట్రెయినింగ్‌కు (ర్యామ్‌ను బోర్డు సరిచూసుకునే పని) నల్లతెరతో చాలా నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు తీస్తే అది మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికీ కదలకపోతే ఒక్క స్టిక్ ఉంచి, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి, సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగులు మొదటి స్థితికి తెచ్చి) చూడండి. సీపీయూ లైట్ అయితే 8 పిన్ కేబుల్, బయోస్ వెర్షన్, సాకెట్ పిన్నులు, ఈ వరసలో. సీపీయూ 8 పిన్ నాలుగూ నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్‌ది ఆరూ రెండుగా. ఒకదాని చోట ఇంకొకటి నొక్కకండి. వీజీఏ లైట్ వెలిగితే కార్డ్ మళ్లీ కూర్చోబెట్టి, పవర్ కేబుళ్లు చూడండి. యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) మద్దతు లేని పాత కార్డ్ అయితే సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉన్న బోర్డు మీద బొమ్మ చూపించదు. ఎఫ్ అక్షరంతో ముగిసే ఇంటెల్ ప్రాసెసర్లకు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదు కాబట్టి మానిటర్ కేబుల్ బోర్డుకు కాదు, కార్డ్‌కే పెట్టాలి. బూట్ లైట్ ఒక్కటే వెలుగుతుంటే హార్డ్‌వేర్ దాదాపు బాగున్నట్టే. ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎం.2 సాటా డ్రైవ్ పెట్టారేమో చూడండి, ఆకారం ఒకటే అయినా అక్కడ కనబడదు.

ఏ లైటూ దారి చూపకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్, ఎస్‌ఎంపీఎస్, ఇంతే. ప్రాసెసర్‌కు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేకపోతే కార్డ్ కూడా. పవర్ స్విచ్ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలపండి. బయట నడిచి లోపల నడవకపోతే బోర్డు వెనుక అనవసరమైన చోట స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు స్తంభం) తగులుతోందని అనుమానించాలి. మైక్రో ఏటీఎక్స్ బోర్డును పెద్ద క్యాబినెట్‌లో బిగించేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది.

ఎవరినైనా సాయం అడగాలంటే లిస్టు పైనున్న పర్మాలింక్ (మీ లిస్టు తెరిచే లింకు) పంపండి, ఫొటోల కంటే అదే త్వరగా పని చేస్తుంది. దానితోపాటు బయోస్ వెర్షన్, ర్యామ్ ఏయే స్లాట్లలో ఉంది, వెలుగుతున్న డీబగ్ లైట్ ఏది అన్నవి రాయండి. లిస్టులో కస్టమ్ పార్ట్‌గా మీరే చేర్చినవి ఏవైనా ఉంటే విడిగా చెప్పండి, వాటిని సైటు సరిచూడదు.