అప్రెపిటెంట్ మూడు క్యాప్సూళ్ల పెట్టె: కీమో వాంతుల మీద దాని పనితీరు

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తరువాత నాకు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులను 21 రోజులకొకసారి చొప్పున నాలుగు విడతలు ఎక్కించారు. డాక్సోరుబిసిన్‌ను వార్డులో అందరూ ఎర్ర మందు అనే పిలుస్తారు. ఈ రెండూ కలిపి ఇచ్చే చికిత్సను వాంతులు అత్యధికంగా కలిగించే కీమోల వర్గంలో వైద్య మార్గదర్శకాలు చేర్చాయి. ఆ వాంతులు రాకుండా ముందుగా ఇచ్చే అప్రెపిటెంట్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి విడత అది లేకుండా, తక్కిన మూడు విడతలు దానితో గడిచాయి కనుక తేడా స్వానుభవంతో చెప్పగలను.

మొదటి విడత నాడు వాంతులను ఆపే ఆండాన్‌సెట్రాన్, దానికి తోడుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేసి, ఇంటికి పంపేటప్పుడు వాంతులైతే వేసుకోమని ఒక మాత్రల పట్టీ ఇచ్చారు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాను, కాఫీ కూడా తాగాను. రాత్రి పదింటికి మొదలైన వాంతులు తెల్లవారేదాకా ఆగలేదు. కడుపులో ఏమీ మిగలక చివరికి పసరు పడింది. వేసుకున్న మాత్ర పది నిమిషాలు కూడా లోపల నిలవలేదు. వాంతి మొదలయ్యాక మాత్ర మింగమనడంలో ఉన్న లోపం నాకు ఆ రాత్రే తెలిసివచ్చింది. రెండు కాన్పుల్లోనూ నాకు వేవిళ్లు చాలా ఎక్కువ, బస్సు ప్రయాణం అసలు పడదు. ఇటువంటి స్త్రీలకు కీమో వాంతులు అధికంగా వచ్చే అవకాశం ఉందని వైద్యులకు తెలిసిన విషయమే అయినా, ఆ రెండు ప్రశ్నలు నన్ను ముందుగా ఎవరూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ మందు ఎందుకు అవసరమో అర్థం కావాలంటే వాంతులు రెండు దఫాలుగా వస్తాయని తెలుసుకోవాలి. మొదటి 24 గంటల్లో వచ్చేవాటికి ముఖ్య కారణం పేగు గోడల్లోని కణాల నుంచి విడుదలయ్యే సెరటోనిన్. ఆండాన్‌సెట్రాన్, పాలోనోసెట్రాన్ వంటివి దాన్ని అడ్డుకుంటాయి. ఆ తరువాత అయిదో రోజు దాకా ఉండే రెండో దఫాలో మెదడులో పనిచేసే సబ్‌స్టెన్స్ పి అనే పదార్థానికి ప్రధాన పాత్ర ఉంది, అప్రెపిటెంట్ అడ్డుకునేది దాన్నే. అంటే ఇది ఆండాన్‌సెట్రాన్‌కు బదులుగా వాడేది కాదు, దానికి తోడుగా వాడేది.

పెట్టెలో మూడే క్యాప్సూళ్లు ఉంటాయి. 125 మిల్లీగ్రాములది కీమోకు గంట ముందు, 80 మిల్లీగ్రాములవి రెండో రోజు ఒకటి, మూడో రోజు ఒకటి వేసుకోవాలి. రెండో విడత నాడు ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే నా ఆడపడుచు గడియారం చూసి, “వదినా, ముందు ఇది మింగు, తరువాతే చెప్పులు వేసుకో” అని గ్లాసుతో నీళ్లు అందించింది. ఆ రాత్రి పదింటికి భయంతో మంచం పక్కన బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండయింది, ఒంటిగంటయింది, వాంతి రాలేదు. ఆ విడత మొత్తంలో ఒక్క వాంతి కూడా కాలేదు.

అయితే వికారం మాత్రం పూర్తిగా పోలేదు, కొనేవారు ఈ సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. వాంతి ఆగడం వేరు, కడుపులో తిప్పడం ఆగడం వేరు. మూడో రోజు పక్కింట్లో ఇంగువ పోపు పెడితే ఆ వాసనకు నేను ముక్కు మూసుకుని వెనక గదిలోకి వెళ్లవలసి వచ్చింది. ఈ లోటును తీర్చింది మూడో విడతలో డాక్టరుగారు చేర్చిన ఓలాంజపిన్, నాలుగు రాత్రుల పాటు 2.5 మిల్లీగ్రాముల మాత్ర. దాని కాగితం మీద స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి పేరు చూసి మా ఇంట్లో కంగారుపడ్డారు, కానీ వికారానికి ఇది బాగా పనిచేస్తుందని నిరూపితమైంది. పైగా 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చినా వాంతుల నివారణలో తీసిపోదని, మత్తు తక్కువగా ఉంటుందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు జరిపి 2024లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆ తక్కువ మోతాదుకే నాకు మర్నాడు మధ్యాహ్నం దాకా కళ్లు మూతలు పడ్డాయి. రాత్రి లేచేటప్పుడు తల తిరిగితే పట్టుకోవడానికి ఒకరు దగ్గర ఉండాలి.

ఇక ఇబ్బందులు చెప్పాలి. అప్రెపిటెంట్ వాడిన రోజుల్లో నాకు ఎక్కిళ్లు, నీరసం ఉన్నాయి. మలబద్ధకం మాత్రం ఆండాన్‌సెట్రాన్ వల్ల వచ్చింది, దానికి మొదటి రోజు నుంచే మందు అడిగి తీసుకోవడం మంచిది. డెక్సామెథసోన్ సాయంత్రం వేసుకున్నప్పుడు నిద్ర పట్టలేదు, ఉదయం ఫలహారం తరువాతకు మార్చాక పట్టింది. షుగర్ ఉన్నవారు దీనితో రక్తంలో చక్కెర పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. అప్రెపిటెంట్ కొన్ని మందుల పనితీరును మారుస్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పి తీరాలి. ధర ఆండాన్‌సెట్రాన్ కంటే బాగా ఎక్కువ, కంపెనీని బట్టి కూడా తేడా ఉంటుంది. ఇతర కంపెనీ తయారీ తీసుకోవచ్చునా అని డాక్టరును అడిగితే తప్పులేదు, నేను అడిగే తీసుకున్నాను.

ఈ మందులు ఎంత బాగా పనిచేసినా తిండి విషయంలో జాగ్రత్త తప్పలేదు. వేడి అన్నం వాసనకే డోకు వచ్చేది, అదే అన్నం చల్లారాక మజ్జిగ పోసి నిమ్మకాయ బద్దతో ఇస్తే తినగలిగాను. గంటన్నరకొకసారి గుప్పెడు మరమరాలో, సగం ఇడ్లీయో తీసుకున్నాను. నాకెంతో ఇష్టమైన గోంగూర పచ్చడిని ఆ నాలుగు విడతల రోజుల్లో ముట్టుకోలేదు. కీమో రోజున ఇష్టమైనది తింటే తరువాత దాని మీదే విరక్తి పుడుతుందని వార్డులో నర్సమ్మ హెచ్చరించింది.

నాలుగో విడతలో అప్రెపిటెంట్, ఓలాంజపిన్ రెండూ ఉన్నాయి. ఉదయం ఆసుపత్రి లిఫ్టులో స్పిరిట్ వాసన తగలగానే కడుపులో తిప్పింది, మందు ఎక్కకముందే వచ్చే ఆ వికారాన్ని ఈ పెట్టె ఆపలేకపోయింది. మందు ఎక్కిన తరువాత మాత్రం అయిదు రోజులూ వాంతి లేదు. మూడో రోజు మధ్యాహ్నం మా ఆడపడుచు పోపు వేయని చారుతో అన్నం కలిపి పెడితే గిన్నె ఖాళీ చేశాను.