నల్ల బీరు కోసం సదర్క్ నుంచి లూయిస్ దాకా

లండన్ పబ్బుల్లో స్టౌట్ అనే నల్ల బీరుకు కొదవ లేదు. అయితే ఎక్కువ చోట్ల కుళాయి తిప్పితే వచ్చేది నాలుగు శాతం చుట్టుపక్కల ఉండే తేలికపాటి ఐరిష్ రకమే. నేను వెతుక్కుంటూ వెళ్లింది దాని పెద్దన్నను: తొమ్మిది, పది శాతం ఆల్కహాలుతో, గ్లాసు వంచితే గోడలకు అంటుకుని నెమ్మదిగా దిగే ఇంపీరియల్ స్టౌట్‌ను.

దాని పుట్టిల్లు థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్. 18వ శతాబ్దంలో అక్కడి యాంకర్ బ్రూవరీ నుంచి రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ ఆస్థానానికి ఘాటైన నల్ల బీరు ఓడల్లో వెళ్లేది. యజమాని హెన్రీ త్రేల్ చనిపోయాక 1781లో బ్రూవరీని 1,35,000 పౌండ్లకు అమ్మారు. ఆ అమ్మకాన్ని చక్కబెట్టిన వారిలో నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఒకరు. కొన్నవారి పేర్లతో అది బార్‌క్లే పెర్కిన్స్‌గా స్థిరపడింది. ఈరోజు పార్క్ స్ట్రీట్‌లో బ్రూవరీ ఆనవాలు దాదాపు ఏమీ మిగల్లేదు. గోడ మీది ఫలకం చదివి, అటూ ఇటూ చూసి వచ్చేయడమే. చరిత్ర మీద మక్కువ ఉంటే వెళ్లండి, దాహంతో మాత్రం వెళ్లకండి. అక్కడి నదీతీరపు పబ్బులు ముందుగా అమ్మేది నది దృశ్యాన్ని, ఆ తర్వాతే బీరును.

దాహం తీరేది బర్మండ్సీలో. లండన్ బ్రిడ్జి స్టేషన్ నుంచి తూర్పుగా సాగే రైలు వంతెన కమానుల కింద చిన్న బ్రూవరీలు వరుసగా వెలిశాయి. శనివారం మధ్యాహ్నం కాలు పెట్టే చోటుండదు. గుంపులుగా వచ్చేవాళ్లు ఒక కమాను నుంచి ఇంకో కమానుకు పరుగు పెడుతుంటారు. స్టౌట్‌ను నింపాదిగా చూడాలనుకునేవారు ఇంకేదైనా రోజు వెళ్లడం మేలు. ఏ కమాను ఏ రోజు తెరుస్తారో ముందే కనుక్కోవాలి.

ఈ పేటకు దారి చూపినవారిలో ముందు చెప్పుకోవాల్సింది 2009లో మొదలైన కెర్నెల్ బ్రూవరీని. సాదా గోధుమరంగు లేబులు, దాని మీద బీరు పేరు, శాతం, అంతే. వాళ్ల ఇంపీరియల్ బ్రౌన్ స్టౌట్ లేబులు మీద 1856 అని ఉంటుంది. బార్‌క్లే పెర్కిన్స్ పాత పద్దుల్లోని పాళ్లను ఆధారం చేసుకుని కాచిన బీరది. పార్క్ స్ట్రీట్‌లో కనబడనిది ఈ సీసాలో దొరికింది. మొదటి గుక్కలో డార్క్ చాక్లెట్, ఆ వెనకే కాల్చిన బార్లీ పొడి చేదు. తీపి ఉంది గానీ నాలుక మీద పేరుకుపోదు.

అదే పేటలో ఇంకో చోట, పేరెందుకులెండి, పన్నెండు శాతం స్టౌట్‌ను మంచు పట్టిన గ్లాసులో పోసి ఇచ్చారు. వెనిల్లా, పాలచక్కెర కలిపిన కొత్త తరహా బీరు. చల్లదనానికి వాసన మొత్తం ముడుచుకుపోయింది. వేడెక్కేదాకా రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంటే చివరికి బయటపడింది కేకు మీది క్రీము వాసన. గొంతులో మంట దానికి అదనం. ఇలాంటి బీరుకు పది నుంచి పద్నాలుగు డిగ్రీలే సరైన చల్లదనం. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెడితే చాలు, ఆ మాత్రం ఓపిక అమ్మేవాళ్లకూ ఉండాలి.

కొలత గురించి ఒక మాట. బ్రిటన్‌లో కుళాయి బీరును పైంటులో మూడో వంతుగా కూడా అమ్మవచ్చు. అంటే దాదాపు 190 మిల్లీలీటర్లు. ఈ బలం ఉన్న స్టౌట్‌కు అంతకు మించి అక్కర్లేదు. అడగకముందే ఆ చిన్న గ్లాసు ముందు పెట్టిన చోటుకు నా దగ్గర మార్కులు ఎక్కువ. సగం పైంటుకు తక్కువ పోయమని మొండికేసిన చోటుకు రెండోసారి వెళ్లలేదు.

బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు యాభై మార్కులకు తూకం వేస్తారు: రుచికి 20, వాసనకు 12, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10, నోట్లో తగిలే చిక్కదనానికి 5, రూపానికి 3. రూపానికి మూడే ఎందుకో స్టౌట్ తాగితే తెలుస్తుంది. నలుపు ఎవరైనా తేగలరు. మాడ్చిన బార్లీ కొద్దిగా పడితే చాలు. తొమ్మిది శాతం ఆల్కహాలును గొంతుకు తెలియకుండా దాచడమే కష్టం.

ఆ విద్య తెలిసిన పాతకాపు లూయిస్ పట్టణంలో ఉంది. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి గంట పైచిలుకు రైలు. ఊస్ నది ఒడ్డున హార్వీస్ బ్రూవరీ గోపురం దూరం నుంచే కనబడుతుంది. 1790లో మొదలైన సంస్థ. లోపల చూడాలంటే చాలా ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నాకు దొరకలేదు, దుకాణంతో సరిపెట్టుకున్నాను. అక్కడి వాళ్లకు తాము అమ్మే ప్రతి సీసా సంగతీ తెలుసు.

వాళ్ల ఇంపీరియల్ ఎక్స్‌ట్రా డబుల్ స్టౌట్ తొమ్మిది శాతం. ఒకప్పుడు బాల్టిక్ తీరానికి ఈ బీరు ఎగుమతి చేసిన ఎ. లె కాక్ సంస్థ పద్ధతిని ఆధారం చేసుకున్నది. బస చేసిన ఇంట్లో గది కిటికీ దగ్గర తెరిచాను. నురగ ముదురు గోధుమరంగులో లేచి, త్వరగానే అంచుకు తగ్గి సన్నని వలయంగా నిలిచింది. ముందు తోలు వాసన, తర్వాత పుల్లని చెర్రీ, ఎండుద్రాక్ష, కొంచెం పొగాకు. గుక్కలో పులుపు తగిలితే కొందరు పాడైందనుకుంటారు. అది ఈ బీరు స్వభావం. మింగాక మిగిలే చేదు మాత్రం అడుగంటిన బెల్లం పాకంలా నాలుక అంచుల్లో చాలాసేపు ఉంటుంది. నేను 43 వేశాను. బర్మండ్సీ సీసాకు 41. వెనిల్లాకు 26, అదీ దయతో.

బస విషయానికి వస్తే, లండన్ బ్రిడ్జి దగ్గరి హోటలు గది ఇరుకు, తెల్లవారుజాము నుంచే రైళ్ల మోత. రాత్రి నడిచి చేరుకోవచ్చన్నదే దాని సుగుణం. లూయిస్ అతిథి గృహానికి మెట్లెక్కాలి, పెట్టెతో కష్టమే. అయినా యజమానురాలు స్టౌట్ అనగానే వైను గ్లాసులు తెచ్చి ఇచ్చింది. వాసన పట్టడానికి అంతకంటే మంచి గ్లాసు లేదు.

తెచ్చుకోదలచినవారికి: భారతదేశానికి సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యమే అనుమతి. హార్వీస్ సీసా 275 మిల్లీలీటర్లు, కాబట్టి ఏడు సీసాలు పడతాయి. బట్టల్లో చుట్టి, పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గరే ఆగిపోవచ్చు.