రెయిమ్ చాలా, గగన్ కావాలా?

కాక్‌పిట్‌లో జీపీఎస్ స్థితి పేజీ తెరిస్తే ఉపగ్రహాల సంఖ్యలు, పక్కన సిగ్నల్ బలం చూపే కడ్డీలు కనిపిస్తాయి. జీపీఎస్ చూపే విమాన స్థానాన్ని నమ్మవచ్చని హామీ ఇచ్చేదెవరు? అందుకు రెండు దారులు: రెయిమ్, గగన్.

రెయిమ్: విమానంలోని జీపీఎస్ రిసీవర్ తనను తానే తనిఖీ చేసుకుంటుంది. అదనపు పరికరం అక్కర్లేదు. స్థానం తేలడానికి 4 ఉపగ్రహాలు చాలు, లోపం పసిగట్టాలంటే 5, లోపమున్నదాన్ని పక్కన పెట్టాలంటే 6 కావాలి. అంటే మ్యాప్ మీద విమానం చక్కగా కదులుతున్నా రెయిమ్ లేకపోవచ్చు! కొత్త పైలట్లు దయచేసి ఇది మరవద్దు. దారిలో రెయిమ్ దొరుకుతుందో లేదో బయలుదేరే ముందే అంచనా చూసుకోవాలి.

గగన్: ఇది జీపీఎస్‌ను సరిదిద్దే భారత వ్యవస్థ. భూకేంద్రాల సవరణలు జీశాట్ ఉపగ్రహాల ద్వారా అందుతాయి. తగిన రిసీవర్‌కు ఖర్చవుతుంది. ఎత్తు మార్గదర్శనమూ దొరుకుతుంది.

సిగ్నళ్లను కావాలని అడ్డుకునే జామింగ్ ముందు రెండూ బలహీనమే.

మార్గమధ్య ప్రయాణానికి రెయిమ్ సరిపోతుంది. ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే నేలమీది రేడియో వ్యవస్థ) లేని చిన్న విమానాశ్రయంలో మబ్బుల్లోంచి దిగాలంటే గగనే మేలు. 2022లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఏటీఆర్ 72 విమానం గగన్ సాయంతోనే దిగింది.