ట్యాపింగ్ వాద్యం సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారా? తీగలు లెక్కపెట్టి ఊరుకోకండి, జాగ్రత్త

ముందే చెప్పేస్తున్నా, పెద్ద పోస్ట్, కోపంలో రాస్తున్నా, అక్కడక్కడా సాగుతుంది. ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్క ముక్క పట్టుకెళ్ళండి: చాప్‌మన్ స్టిక్ (మీటకుండా రెండు చేతుల వేళ్ళతో తట్టి, అంటే ట్యాప్ చేసి, వాయించే తీగల వాద్యం) అని చెప్పి అమ్ముతున్న దాని ఫోటోలో లావు తీగలు మధ్యలో కాకుండా అంచున కనిపిస్తే డబ్బు పంపకండి, ముందు ఎందుకలా ఉన్నాయో అడగండి. నాకు పంపిన ఫోటోలో అది స్పష్టంగా కనిపిస్తూనే ఉంది, నేనే చూళ్ళేదు. పది తీగలున్నాయా అని మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాను!

నేను చాలా ఏళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నా, ప్రోగ్ రాక్ పిచ్చి. 1981లో కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ కొత్త లైనప్‌తో వచ్చినప్పుడు వాళ్ళ బేసిస్ట్ టోనీ లెవిన్ చేతిలో కనిపించిన ఆ పొడుగాటి పలక చూసినప్పట్నుంచీ మనసు దాని మీదే ఉంది. బాడీ అంటూ ఏమీ ఉండదు, గిటార్ నెక్ ఒక్కటే ఊడదీసి వెడల్పు చేసినట్టుంటుంది. ఎమెట్ చాప్‌మన్ 1969లో రెండు చేతులతో ట్యాప్ చేసే పద్ధతి కనిపెట్టి, దానికి తగ్గట్టు వాద్యం తయారుచేసి 1974 నుంచి అమ్మడం మొదలెట్టాడు. కాలిఫోర్నియాలో చిన్న వర్క్‌షాప్‌లో చేసేవి, పెద్ద ఫ్యాక్టరీ సరుకు కాదు, అందుకే మనలాంటివాళ్ళం పాతవాటి కోసం వెతుక్కుంటాం, మోసగాళ్ళకి కావాల్సిందీ అదే. పైగా ఈ వాద్యాన్ని దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ, ఏది పెట్టి అమ్మినా ఇది అది కాదని చెప్పే మనిషి పక్కన ఉండడు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మోసం అర్థమవ్వాలంటే ఇది తెలియాలి. వీణకైనా గిటార్‌కైనా ఒక చెయ్యి నొక్కుతుంది, ఇంకో చెయ్యి మీటుతుంది. దీంట్లో మీటడం అనేదే లేదు, వేలితో తీగని ఫ్రెట్ (వీణ మెట్టులాంటిది) మీదకి తడితే ఆ దెబ్బకే పలుకుతుంది, అంటే రెండు చేతులూ విడివిడిగా రెండు పనులు చేసుకోవచ్చు, మామూలుగా ఎడమ చెయ్యి బేస్, కుడి చెయ్యి మెలొడీ, దాదాపు పియానోలాగా. పది తీగలదాంట్లో ఐదు మెలొడీకి, ఐదు బేస్‌కి. మెలొడీ తీగలు ఫోర్త్స్‌లో (పక్కపక్క తీగల మధ్య స-మ ఎడం), బేస్ తీగలు ఫిఫ్త్స్‌లో (స-ప ఎడం) శ్రుతి చేస్తారు, రెండు గుంపుల్లోనూ లావువి మధ్యకి చేరతాయి, అక్కణ్ణించి రెండు అంచులకీ సన్నబడుతూ పోతాయి. కొందరు తమకి కావలసినట్టు మార్చుకుంటారు, అది తప్పేం కాదు, కానీ అలా మార్చుకున్నవాడు ఏ ట్యూనింగో ఒక్క నిమిషంలో చెప్పగలడు. నాకు అమ్మినాయన 'స్టాండర్డ్ ట్యూనింగ్ అండి' అన్నాడు. దేనికి స్టాండర్డ్ అని అడగలేదు నేను.

వీడియో అడిగితే ఇరవై సెకన్లది పంపాడు. బ్రహ్మాండంగా మోగుతోంది, బోలెడు డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్), కింద డ్రమ్ మెషీన్. మూడో రోజు మళ్ళీ చూస్తే తెలిసింది ఏంటంటే ఆయన పిక్‌తో, అంటే గిటార్ మీటే ప్లాస్టిక్ ముక్కతో వాయిస్తున్నాడు! ట్యాప్ చేయాల్సిన వాద్యాన్ని పిక్‌తో వాయించి చూపిస్తున్నాడంటే అర్థం ఏంటి, ట్యాప్ చేస్తే పలకదని. అప్పటికే డబ్బు వెళ్ళిపోయింది, అది కూడా యాడ్ పెట్టిన సైట్ బయట, నేరుగా, 'కమిషన్ మిగులుతుంది కదండీ, ఆ మేరకి తగ్గిస్తా' అన్నాడని. అంత తెలివితక్కువ పని నేనెప్పుడూ చెయ్యలేదు.

పెట్టె విప్పాను. మొదట దొరికింది నట్ దగ్గర (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) చుట్టిన ఆడపిల్లల హెయిర్ బ్యాండ్. తట్టిన చోట కాకుండా మిగతా తీగ మోగకుండా అక్కడ డ్యాంపర్ ఉండాలి, గిటార్ మీద ట్యాప్ చేసేవాళ్ళు హెయిర్ బ్యాండ్ కట్టుకోవడం మామూలే, నేనూ కట్టా, కానీ ఒరిజినల్ అని అమ్మినదాని మీద అది ఎందుకుంది? ఫోటోలో ఆ చివర కట్ చేశాడు. వెనక బెల్ట్‌కి తగిలించుకునే హుక్ లేదు, హుక్ లేకపోతే ఈ వాద్యం నిలువుగా నిలవదు, నిలబడి వాయించాలంటే కుదరదు. సీరియల్ నంబర్ ఉండాల్సిన వాద్యానికి నంబరే లేదు. తీగలన్నీ గిటార్‌లాగా ఈ అంచున లావు, ఆ అంచుకి సన్నం. ఎవరో ఇంట్లో చెక్క కోసి మామూలు గిటార్ ఫ్రెట్లు కొట్టి చేసుకున్నదే అది, చేసుకున్నవాణ్ణి ఏమీ అనను, ఓపికగానే చేశాడు, దాన్ని ఒరిజినల్ పేరుతో అమ్మినవాడితోనే నా గొడవ.

ఇంక యాక్షన్ సంగతి, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. మీటే వాద్యంలో తీగ ఫ్రెట్‌కి కాస్త ఎత్తుగా ఉన్నా ఎలాగోలా సర్దుకోవచ్చు. ట్యాపింగ్‌లో తీగ ఫ్రెట్‌ని దాదాపు ఆనుకున్నట్టే ఉండాలి, లేకపోతే ప్రతి స్వరానికీ వేలు పగలగొట్టుకోవాలి. తీగ అంత కిందకి రావాలంటే నెక్ తిన్నగా ఉండాలి, ఫ్రెట్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. నాది మధ్యలో వంగిపోయింది, కిందకి దించితే పై ఫ్రెట్ల దగ్గర బజ్, ఎత్తితే తట్టినా పలకదు, నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ (ట్రస్ రాడ్) పెట్టలేదు కాబట్టి సరిచేసే దారి కూడా లేదు.

అవుట్‌పుట్ కూడా అంతే. అసలు స్టిక్‌లో బేస్‌కీ మెలొడీకీ వేరే వేరే సిగ్నల్స్ వస్తాయి, స్టీరియో కేబుల్ పెట్టి రెండు యాంప్‌లకి పంపొచ్చు. మామూలు గిటార్ కేబుల్ గుచ్చితే ఒక వైపే వినిపిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే మంచి వాద్యం కొన్నవాళ్ళు కూడా ఇక్కడ కంగారుపడి పాడైపోయిందనుకుంటారు. నాకు వచ్చినదాంట్లో పది తీగలకీ కలిపి ఒకటే పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది), మోనో జాక్. బేస్‌కి కొంచెం డిస్టార్షన్ పెడితే మెలొడీ కూడా బురదైపోతుంది.

మెసేజ్ పెట్టాను. 'మీకు వాయించడం రాదేమో' అని జవాబొచ్చింది, తర్వాత బ్లాక్.

ఇలా దెబ్బతిన్నది నేనొక్కణ్ణే కాదు. మా డ్రమ్మర్ కింగ్ క్రిమ్సన్ డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్‌కి వీరాభిమాని, 80ల నాటి ఆ ఆరు మూలల సిమన్స్ ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు ఎవరో అమ్ముతుంటే ఐదూ కొనేశాడు. ప్యాడ్లే వచ్చాయి, శబ్దం పుట్టించే పెట్టె, బ్రెయిన్ అంటారు, అది రాలేదు. ఆ ప్యాడ్ దానంతటది ఏ శబ్దమూ చెయ్యదు, దెబ్బ పడిందని సిగ్నల్ పంపుతుందంతే, శబ్దమంతా బ్రెయిన్‌లోనే. ఇప్పుడు వాడి దగ్గర ఐదు ప్లాస్టిక్ పీటలున్నాయి. తొలి మోడల్ ప్యాడ్లు రాయిలా ఉంటాయి, మణికట్లు నొప్పులని డ్రమ్మర్లు అప్పట్లోనే గోల పెట్టారు, అది కూడా తెలిసి కొనండి. ఆక్టోబన్లు (పొడుగు గొట్టాల్లాంటి డ్రమ్ములు) తీసుకునేవాళ్ళు గొట్టాల పొడుగులు ఒక్కోటీ కొలిపించుకోండి, వ్యాసం అన్నిటికీ ఒకటే, పొడుగుని బట్టే శ్రుతి మారుతుంది, ఒకే పొడుగువి రెండు పెట్టి సెట్ అని అంటగడతారు. రోటోటామ్ (తిప్పి శ్రుతి మార్చే డ్రమ్) అయితే తిప్పి చూపించమనండి, మర అరిగిపోతే శ్రుతి నిలవదు.

ట్యాపింగ్ వాద్యం ఏదైనా, స్టిక్ కానీ, ఇలాగే ట్యాప్ చేసే వార్ గిటార్ కానీ, ఇంకోటి కానీ, యాంప్ లేకుండా ఉత్తదాన్ని ఒక్క వేలితో ఒక్కో తీగ మీద కింద ఫ్రెట్ నుంచి పై ఫ్రెట్ దాకా తట్టుకుంటూ వెళ్ళే వీడియో అడగండి, కట్ చేయకుండా. నిజంగా మంచి వాద్యం ఉన్నవాడు సంతోషంగా తీస్తాడు. నాలుగు సాకులు చెప్తే ఇంక మాట్లాడకండి.

నా దాని మీద నేనిప్పుడు డ్రమ్ స్టిక్ ముక్కలు వేళ్ళకి కట్టుకుని కొడుతున్నా. లెవిన్ బేస్ మీద ఫంక్ ఫింగర్స్ అని అలాగే కొట్టేవాడు, ఆ దెబ్బకి మాత్రం బానే పలుకుతోంది పాపం. ఇదంతా మర్చిపోదామనే అనుకున్నా, కానీ పొద్దున కొత్త యాడ్ ఒకటి కనిపించింది, నాకు పంపిన ఫోటోలో ఉన్న అదే పచ్చ కర్టెన్ ముందు, ఈసారి ఎనిమిది తీగలది, 'వార్ గిటార్, ఒరిజినల్' అని, నట్ ఉండే చివర మళ్ళీ ఫోటోలో లేదు.