గరగర తీసేసిన ఎల్విస్ నాకొద్దు

పాత రాక్ అండ్ రోల్, పాత వెస్ట్రన్ క్లాసికల్. ఈ రెండింటి రీఇష్యూ సీడీలు, అంటే పాత రికార్డింగుల్నే మళ్లీ వేసినవి, చాలా ఏళ్లుగా పోగేస్తున్నా. ఏ పెట్టెలో ఎన్ని డిస్కులు, ఏ పాటలు అన్నది ఎక్కడైనా చూసుకోవచ్చు. నా బాధంతా ఒక్కదాని మీదే. అట్ట మీద 'నాయిస్ పూర్తిగా తొలగించాం' అని, అంటే పాత రికార్డింగుల గరగరంతా తీసేశామని, గొప్పగా వేసుకుంటారే, అది చూస్తే నాకు ఒళ్లు మంట.

చవక పెట్టెలు ఇన్ని రావడానికి కారణం ఉంది. యూరప్‌లో రికార్డింగుల మీద హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే. 2013లో 70కి పెంచారు గానీ, 1962 దాకా విడుదలైనవాటికి అప్పటికే గడువు తీరిపోయింది. ఇంకేం, ఎవరికి తోస్తే వాళ్లు వేసేస్తున్నారు. అలా నాయిస్ తొలగించిన పెట్టె ఒకటి చెన్నై మూర్ మార్కెట్లో దొరికితే నెల్లూరు తెచ్చుకున్నా.

ఆదివారం భోజనాలయ్యాక మా బావమరిదికి అందులోంచి రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1954లో మెంఫిస్ సన్ స్టూడియోలో పాడినవి పెట్టాను. వాటిలో మొదటివాటికి డ్రమ్సే లేవు. ఆయన పక్కన వాయించిన బిల్ బ్లాక్ తన పెద్ద బేస్ వాద్యం తీగె లాగి వదిలితే అది చెక్కకు కొట్టుకునే 'టప్' శబ్దమే తాళం. దాని మీద స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ టేప్ మెషీన్లతో రప్పించిన ఎకో. పాడిన మాట వెంటనే సన్నగా మళ్లీ వినిపిస్తుంది. ఆ ఎకో చివరికొచ్చేసరికి టేపులో వెనకే ఉండే సర్రు శబ్దంలో, అంటే హిస్‌లో కలిసిపోతుంది. ఏది హిస్సో ఏది ఎకోనో నాయిస్ తీసే మెషీన్‌కేం తెలుసు? రెండూ ఊడ్చేసింది. 'టప్' కూడా చచ్చుబడింది. మావాడు కాసేపు విని, "ఏంది బావా, ఈయనకు జలుబు చేసుండాదా?" అన్నాడు.

అవే పాటలు పాత సీడీలో పెట్టా. "సర్రుమంటుండాదే" అన్నాడు గానీ, రెండో పాటకల్లా కాలు ఆడిస్తున్నాడు. అయినా రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాన్ ఆపి పాట వినే మొనగాడెవరు? ఆ ఫ్యాన్ హోరు ముందు టేపు హిస్ ఎంత?

ఆ పెట్టెను ఒకప్పుడు నలుగురి చేత కొనిపించింది నేనే. ఇప్పటికీ పూర్తిగా తీసిపారేయను. లిటిల్ రిచర్డ్, చక్ బెర్రీ అందులో బాగానే ఉన్నారు. ఆ మోతలో మెషీన్‌కు తీసెయ్యడానికి సందు దొరకలేదు కాబోలు.

క్లాసికల్‌లో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. చెల్లో విద్వాంసుడు పాబ్లో కాసాల్స్ 1936-39 మధ్య లండన్, పారిస్‌లలో వాయించిన బాఖ్ చెల్లో సూట్లు (ఒంటి చెల్లో కోసం రాసిన నాట్య బాణీల వరసలు) నాక్సోస్ కంపెనీ పాత రికార్డింగుల సిరీస్ నాక్సోస్ హిస్టారికల్‌లో తీసుకున్నా. 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి, అంటే ఆ కాలపు గ్రామఫోన్ ప్లేట్ల నుంచి, ఎక్కించినవి. చిటపటలు తగ్గించారు, గరగరను వదిలేశారు. అందుకే ఆయన వేలు తీగె మీద పడే చప్పుడు, ఊపిరి పీల్చడం కూడా తెలుస్తాయి. అలాగని హెడ్‌ఫోన్స్‌లో గంటసేపు వింటే నాకూ తల బరువెక్కుతుంది. మా ఆవిడైతే "ఆ స్టేషన్ సరిగ్గా పెట్టుకోకూడదా" అంటుంది.

నా చెవులకు వయసొచ్చింది, స్పీకర్లు పాతవి, గది ఇరుకు. కారులో ఒంగోలు దాకా పోతూ వినేవాళ్లకు చవక పెట్టే నయమేమో. కొనేముందు మాత్రం ఒక నెమ్మది పాట పెట్టించుకుని వినండి. గొంతు ఆగినప్పుడల్లా హిస్ కూడా ఠక్కున మాయమై, మళ్లీ గొంతుతోపాటే వస్తుంటే, ఆ పెట్టె అక్కడే పెట్టేసి రండి.