ఐరోపా సమాఖ్య, ఆసియాన్: సభ్యదేశపు రాజకీయం ఎక్కడ ఎక్కువ మారింది?

అనంతపురం యార్డులో శెనక్కాయను బొటనవేలితో చిట్లించి గింజ చూపించే రైతుకు, ధర పడిపోతే ఎవరిని నిలదీయాలో తెలుసు: రాష్ట్రాన్ని, కేంద్రాన్ని. ఫ్రాన్స్ రైతుకు మరో గడప కూడా ఉంది. 1962 నుంచి ఐరోపా దేశాల ఉమ్మడి వ్యవసాయ విధానం నడుస్తున్నందున సబ్సిడీ నియమాలు సమాఖ్య కేంద్రస్థానమైన బ్రస్సెల్స్‌లో రూపుదిద్దుకుంటాయి. ఓట్లడిగే నాయకుడు మాత్రం పారిస్‌లోనే ఉంటాడు. ఐరోపా సమాఖ్య సభ్యదేశాల రాజకీయాన్ని లోపలినుంచే మార్చిందని నేననడానికి ఇదే కారణం. సభ్యదేశాల చట్టాలకంటే ఉమ్మడి చట్టానిదే పైచేయి అని 1964లోనే ఐరోపా న్యాయస్థానం తేల్చింది. 1979 నుంచి ఐరోపా పార్లమెంటుకు ప్రత్యక్ష ఎన్నికలు జరుగుతున్నా, పార్టీలు వాటిలో తరచూ ఇంటి తగవులనే తీర్చుకుంటాయి. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీని ఏళ్ల తరబడి చీల్చి, 2016లో 51.9 శాతం ఓట్లను సమాఖ్య నుంచి నిష్క్రమణ వైపు మళ్లించిన కారణాల్లో, నియమాలు చేసే చోటికీ ఓట్లడిగే చోటికీ మధ్య ఉన్న ఈ దూరం ఒకటి.

ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్ తీరు వేరు. 1967లో ఐదు దేశాలతో మొదలైన ఆ కూటమి, ఒకరి అంతర్గత వ్యవహారాల్లో మరొకరు తలదూర్చరాదన్న నియమాన్ని పెట్టుకుంది. అందుకే 2021లో మయన్మార్ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక, ఐదు అంశాల ఒప్పందం కుదుర్చుకుని, సైనికాధినేతను శిఖరాగ్ర సమావేశానికి దూరంగా ఉంచడానికి మించి పెద్దగా ఏమీ చేయలేకపోయింది. సార్వభౌమత్వం చెక్కుచెదరలేదు గాని, అక్కడి పౌరులకు అండ దొరకలేదు. నా మట్టుకు ఐరోపా మార్గమే మేలు, ఆ కొత్త గడప దగ్గర కూడా రైతు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఉండాలన్న షరతుతో.