వాకిట్లో ఆపడమా, లోపలికొచ్చాక పట్టుకోవడమా: ఏది మేలు?

పలాసలో నేను జీడిపప్పు కొనే కొట్లో బల్లమీద రెండు క్యూఆర్ స్టిక్కర్లు, పక్కన ఓ సౌండ్ బాక్సు. అది డబ్బులు పడ్డాయని అరిచేదాకా సంచి చేతికి రాదు. "ఉండు బావూ, ఇంకా పళ్ళేదు" అంటాడాయన. రెండెందుకంటే, "ఒకటి మొరాయిస్తే ఇంకోటి."

ఒక రంగంలో బలిసిన కంపెనీ కొత్త రంగంలోకి వస్తుంటే ముందే పగ్గం వెయ్యాలా, వద్దా? చెల్లింపుల్లో మనం రెండు రకాలూ చూశాం. గూగుల్ 2017లో తేజ్ పేరుతో (ఇప్పటి గూగుల్ పే) వచ్చినప్పుడు ఇంతమందినే చేర్చుకోవాలన్న లెక్క లేదు. వాట్సాప్ 2020 నవంబరులో వస్తే, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వాళ్ళు 2 కోట్ల మందికే అన్నారు. పెంచుకుంటూ పోయి 2024 డిసెంబరు 31న ఆ లెక్క ఎత్తేశారు. అప్పటికి వాల్‌మార్ట్ చేతిలోని ఫోన్‌పే, గూగుల్ పే కలిసి యూపీఐ లావాదేవీల్లో నూటికి 80 పైనే పట్టుకున్నాయి. అంటే తలలు లెక్కపెట్టి ఆపితే బాగుపడింది చిన్నవాళ్ళు కాదు, ముందే పీట వేసుక్కూర్చున్నవాళ్ళు. ఒక్కో యాప్‌కి 30 శాతమే వాటా అన్న 2020 నాటి నియమమూ అంతే, గడువు జరిగి జరిగి 2026 చివరికి చేరింది. రేపు నిజంగా అమలైతే, కొత్తగా ఫోను పట్టిన మా అత్తని 'మా దగ్గర చోటు లేదు, ఇంకో యాప్ చూసుకో' అంటారేమో!

పోనీ, తప్పు చేశాకే పట్టుకుందామా? ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లు ముందే నింపిస్తోందని గూగుల్‌పై, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2019లో విచారణకు ఆదేశించింది. 1,337.76 కోట్ల జరిమానా పడింది 2022 అక్టోబరులో. మూడేళ్ళకి పైనే! ఈలోగా జనానికి అలవాటు ముదిరిపోతుంది. మా విజయనగరంలో సిరిమాను తిరిగే రోజు బారికేడ్లు ముందే కడతారు గానీ, తొక్కిసలాట అయ్యాక కాదు కదా.

అందుకే నా ఓటు ముందు నియమానికే, కానీ తలల లెక్కకి కాదు. యూరప్ 2024 మార్చి నుంచి పెద్ద వేదికలకు ముందే హద్దులు గీసింది. మన దగ్గరా ఆ నెలలోనే అలాంటి బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. తన సరుకునే ముందుకు తొయ్యకూడదు, ఒకటి కావాలంటే ఇంకోటీ తీసుకోమనకూడదు అన్న తరహా హద్దులవి.

ఇలాంటిది పలాస బల్లమీద ఇప్పటికే ఉంది. ఆ స్టిక్కరు ఏ కంపెనీదైనా, ఏ యూపీఐ యాప్‌తోనైనా స్కాన్ చెయ్యొచ్చు. సౌండ్ బాక్సు అద్దె పెంచితే ఆయన దాన్ని వెనక్కిచ్చేసి ఇంకోటి పెట్టుకుంటాడు. జీడిపప్పు కొనేవాడు ఒక్కడూ తగ్గడు.